చివరగా ముట్టుకున్నదెవరు

నా భార్య తబిత పక్కటెముక బిందె ఎత్తబోతే విరిగింది. నిండు బిందె కూడా కాదు, సగం బిందె. 2003 ఫిబ్రవరి మొదటి వారం, చాపెల్ రోడ్డు సందులో మేముండే కిరాయి ఇంటి వంటగదిలో. ఆమె అరవలేదు. బిందెను కింద పెట్టి, గోడకు ఆనుకుని, "జర కూసుంట" అంది. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. నొప్పి కొత్తగా వచ్చిన మనిషి అట్లా కూర్చోదు. అలవాటైన మనిషి కూర్చుంటుంది.

అనుమానించడం నా వృత్తి. ముప్పై నాలుగేళ్ళు రైల్వే క్లెయిమ్స్ విభాగంలో పనిచేశాను, అందులో ఎక్కువ కాలం నాంపల్లి స్టేషన్‌లోనే. బుక్ చేసినప్పుడు నలభై కిలోలున్న మూట దించేటప్పుడు ముప్పై ఆరుంటే, ఆ నాలుగు కిలోలు దారిలో ఎక్కడ దిగిపోయాయో కనిపెట్టడం నా పని. దానికి మాకు ఒకటే ప్రశ్న. చివరగా ముట్టుకున్నదెవరు? సీలు చూడాలి, కుట్టు చూడాలి, సంతకం చూడాలి, సంతకం పెట్టినవాడి ముఖం చూడాలి. దానంతట అదే తగ్గిన మూటను నేను ఇంతవరకు చూడలేదు. రిటైరయ్యాక మూటలు అక్కడే ఉండిపోయాయి, ప్రశ్న మాత్రం నా వెంట ఇంటికొచ్చింది. మాకు పిల్లలు లేరు. కాబట్టి నా విచారణలన్నీ పాలవాడి మీదా, కరెంటు మీటరు చూసేవాడి మీదా, చర్చి కమిటీ మీదా సాగేవి.

తబితకు రక్త క్యాన్సరని 2000లో తెలిసింది. ఎముకల లోపలి మూలుగలో పుట్టి ఆ ఎముకలనే గుల్ల చేసే రకం. ఏడాదిన్నర మాత్రలు వేసుకున్నాక రిపోర్టులు బాగొచ్చాయి, డాక్టరు మాత్రలు ఆపేయమన్నారు. 2002 నవంబరులో కోత పండుగనాడు మా చర్చిలో తబిత లేచి, దేవుడు తనను బాగుచేశాడని సాక్ష్యం చెప్పింది. కాగితం మీద రాసిచ్చింది నేనే. "ఇప్పటిమటుకు మంచిగున్న అని రాయుండి" అంది. ఇప్పటిమటుకు ఏమిటని కొట్టేసి, "సంపూర్ణ స్వస్థత" అని రాశాను. ఆమె నేను రాసింది రాసినట్టే చదివింది. అందరూ ఆమెన్ అన్నారు, అందరికంటే గట్టిగా నేనన్నాను.

మూడు నెలలు తిరక్కుండా పక్కటెముక విరిగింది.

రెడ్ హిల్స్‌లో డాక్టర్ కామాక్షి దగ్గరికి వెళ్ళాం. కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం ఆమెది. మాట మెత్తన, చూపు మాత్రం గట్టిది. మూలుగ తీసి పరీక్ష చేయించి, రిపోర్టు మా ముందు పెట్టి, "తిరగబెట్టిందండీ" అన్నారు.

"ఎట్ల తిరగబెడ్తది? ఒక్క మాత్ర తప్పలే. ఖాళీ పత్తాలన్నీ బిస్కెట్ డబ్బాల దాచి పెట్టిన, కావాల్నంటె తెచ్చి చూపిస్త" అన్నాను.

"మాత్రల తప్పు కాదు, మీ తప్పు అంతకన్నా కాదు" అని ఆమె ఓపిగ్గా చెప్పారు. "మందు చాలా కణాల్ని చంపింది. కానీ కొన్ని మూలుగలో దాక్కుని బతికిపోయాయి. మూలుగలో వాటి చుట్టూ మామూలు కణాలుంటాయి. రక్తం తయారవడానికి సాయపడే మంచివి. ఈ జబ్బు కణాలు వాటిని అతుక్కుని కూర్చుంటాయి. ఆ మంచివే వీటికి ఎదగడానికి కావలసింది అందిస్తాయి. మందు వచ్చినా చావకుండా అడ్డం పడతాయి. అదను చూసుకుని ఇవి మళ్ళీ పెరుగుతాయి."

"అంటె ఇంటోళ్ళే దాచిపెట్టిన్రు."

"దాచిపెట్టాలని కాదండీ. ఎవరు దొంగో వాటికి తెలీదు. పక్కకి వచ్చి ఆనుకున్నదాన్ని సాకడమే వాటి పని." తర్వాత తబిత వైపు తిరిగారు. "నొప్పి ఎన్నాళ్ళ నుంచమ్మా?"

తబిత ముందు నా ముఖం చూసింది. ఆ తర్వాత, "ఈ వారమే" అంది.

"నొప్పి మాత్రలేమైనా వేసుకున్నారా? కిడ్నీల రిపోర్టు కాస్త తేడాగా ఉంది. ఈ జబ్బులో ఆ మాత్రలు కిడ్నీలకి చాలా చెడ్డవి."

మళ్ళీ నా ముఖం చూసి, "లేదు" అంది.

జవాబు చెప్పేముందు పక్క మనిషి ముఖం చూసే సాక్షిని నేను వందలసార్లు పట్టుకున్నాను. ఆరోజు మాత్రం పట్టుకోలేదు. ధైర్యం కోసం నన్ను చూసిందనుకున్నాను. అంతేకాదు, ఎవరి తప్పూ లేదన్నట్టు డాక్టరమ్మ అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. సర్వీసులో ఏ స్టేషన్ మాస్టరు ఆ మాటన్నా నేను నేరుగా వెళ్ళి అతని సొరుగు తెరిపించేవాణ్ణి.

కొత్త క్యాప్సూళ్ళు రాసిచ్చారు. అవి జబ్బు కణాన్ని కొట్టడమే కాకుండా అది కూర్చున్న చోటునూ దానికి అచ్చిరాకుండా చేస్తాయట. పూర్తిగా పోదు, అదుపులో ఉంటుందన్నారు. ఒక్క షరతు పెట్టారు. "అరికాళ్ళలో తిమ్మిరి గానీ, సూదులు గుచ్చినట్టు గానీ ఉంటే వెంటనే చెప్పాలి. ఊరుకుంటే ఆ నరాలు మళ్ళీ బాగుపడకపోవచ్చు. ఈ మందుతో ఉన్నన్నాళ్ళూ మీ ఒంట్లో ఏం జరుగుతోందో నాకు చెప్పాల్సింది మీరే. ఏ పరీక్షకీ ముందుగా తెలీదు" అన్నారు. తబిత తల ఊపింది.

నేను ఇంటికొచ్చి విచారణ మొదలుపెట్టాను.

మొదట ఆబిడ్స్ మందుల షాపు. ఆ షాపుతో నాకు పాత లెక్క ఉంది. 2001లో తబిత నోరంతా పొక్కింది. ఆ నెల మాత్రల పత్తా తీసి చూస్తే వెనక రేకు మీద అక్షరాల రంగు వేరుగా ఉంది. నకిలీ మందని తేల్చేసి, షాపు యజమాని శ్రీపతికి, పైన మందుల తనిఖీ ఆఫీసుకి, రెండు పేజీల ఫిర్యాదు రాశాను. చివరగా ముట్టుకున్నది కౌంటర్లో ఉండే కిషన్. పదేళ్ళుగా అక్కడే పనిచేస్తున్న మనిషి. శ్రీపతి గొడవెందుకని అతన్ని తీసేశాడు. రెండు నెలల తర్వాత ఆ మాత్రలు అసలువేనని, కంపెనీవాళ్ళు రేకు మార్చారని ఉత్తరమొచ్చింది. చదివి ఫైల్లో పెట్టాను. ఉత్తరాలు ఫైల్లో పెడితే పని అయిపోయినట్టేనని నా నమ్మకం.

ఈసారి శ్రీపతి నన్ను గుమ్మంలో చూడగానే లేచి నిలబడ్డాడు. బిల్లులన్నీ తీసి చూపించాడు. తప్పు దొరకలేదు. అక్కడి నుంచి నాంపల్లిలో మేం రక్తం ఇచ్చే ల్యాబుకి పోయాను. సీసాల మీద పేర్లు ఎవరు రాస్తారు, రాసేటప్పుడు పక్కన ఇంకో సీసా ఉంటుందా, కరెంటు పోతే ఏం చేస్తారు అని అరగంట అడిగాను. అక్కడి అమ్మాయి చివరికి, "అంకుల్, మీ అనుమానం ఏందో చెప్తే గదే చూస్కుంటం, ఊకె అన్ని అడిగితె ఎట్ల" అంది. నా అనుమానం ఏమిటో నాకూ తెలియదు. ఎవరో ఒకరు ఉండాలి, అంతే.

తబితకు ఏమవుతుందోనని భయపడుతున్నానని ఒప్పుకోవడం కంటే ఒకడి మీద కోపం తెచ్చుకోవడం నాకు తేలిక. ఇప్పుడు చెప్పగలుగుతున్నాను. అప్పుడు ఎవరైనా ఈ మాట అని ఉంటే వాళ్ళ మీద కూడా ఫైలు తెరిచేవాణ్ణి.

మార్చిలో, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమ దినాల ఆరాధనలు మొదలయ్యాయి. తబిత చర్చికి తీసుకెళ్ళే గుడ్డసంచిలో పాటల పుస్తకం కింద నాకు ఒక మాత్రల పత్తా దొరికింది. యథాలాపంగా దొరకలేదు, నేను వెతికాను. పది మాత్రల్లో రెండే మిగిలి ఉన్నాయి. నొప్పి మాత్రలు. డాక్టరమ్మ చెడ్డవన్న రకం. వాటిని చుట్టిన కాగితం మా చర్చి స్త్రీల మైత్రి సంఘం కార్యక్రమాల పట్టిక, దాని మీద రాత విద్యావతమ్మది. మిషన్ స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి, ఇప్పుడు మైత్రికి కార్యదర్శిగా ఉంటున్న పెద్దావిడ. సగం చాపెల్ రోడ్డుకి అక్షరాలు దిద్దించిన చెయ్యి అది.

పత్తాను కాగితంతో సహా జేబులో వేసుకున్నాను. కోపంతో కొంత, దొరికిందన్న సంతోషంతో కొంత. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

విద్యావతమ్మ ఇల్లు రెండు సందుల అవతల. వెళ్ళి, కూర్చోకుండానే, పత్తా బల్ల మీద పెట్టాను.

"ఇది ఎవరు ఇచ్చిన్రు?"

"నేనే ఇచ్చిన తమ్మీ" అంది ఆమె, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. కాదని బుకాయిస్తుందనుకున్నాను. ఒప్పుకున్న ముద్దాయితో ఏం చేయాలో నాకెప్పుడూ సరిగా తెలియదు.

"ఎప్పటి నుంచి?"

ఆమె లోపలికి వెళ్ళి ఒక పొడుగాటి నోటుబుక్కు తెచ్చింది. ప్రతి బుధవారం మధ్యాహ్నం మైత్రి కూటంలో ఆడవాళ్ళు తమ తమ భారాలు చెప్పుకుంటారు. విద్యావతమ్మ వాటిని ఈ బుక్కులో రాసుకుని, ఒక్కొక్కటీ చదువుతుంటే అందరూ ప్రార్థన చేస్తారు. అక్కడ రాసింది చర్చి గేటు దాటకూడదు, భర్తలతో కూడా అనకూడదు. అది వాళ్ళ కట్టుబాటు. ఇన్నేళ్ళలో ఒక్క మాట బయటికి రాలేదని మా పాస్టరుగారే గొప్పగా చెప్పేవారు.

"కట్టుబాటు తప్పుతున్న. దేవుడు క్షమించాలె" అని ఆమె పేజీ తీసి నా ముందు పెట్టింది.

నవంబరు 13. తబితమ్మ, నడుము నొప్పి మళ్ళ షురువైంది. ఇంట్ల తెల్వకుండ ప్రార్థన.

నవంబరు 27. తబితమ్మ, నొప్పి పక్కటెముకలకు వచ్చింది.

డిసెంబరు 18. తబితమ్మ, క్రిస్మస్ పాటలకు నిలబడే శక్తి కోసం.

జనవరి 8. కృతజ్ఞత. మాత్రలతో తబితమ్మ పాటలన్నిటికి నిలబడ్డది.

జనవరి 22. తబితమ్మ, భర్త మనసు మెత్తబడాలె. నొప్పి సంగతి ఆయనకు తనే చెప్పుకునే ధైర్యం కావాలె.

చివరిది రెండుసార్లు చదివాను. మూడోసారి చదవలేకపోయాను.

"ఎందరికి తెలుసు?"

"బుధారం వచ్చేటోళ్ళందరికి. ఇరవై ముగ్గురం."

"ఇరవై ముగ్గురిల ఒక్కరన్న నాకు చెప్పొద్దా? ఆమె ప్రాణం కదమ్మా."

విద్యావతమ్మ కళ్ళు నిండాయి. "తప్పయింది తమ్మీ. గట్ల అయితదని తెల్వలే. సాక్ష్యం చెప్పినంక నొప్పొచ్చిందని సిగ్గుపడుతుందనుకున్నం. మామూలు నడుము నొప్పనుకున్నం. ఏడ్చుకుంట వచ్చిన మనిషికి కుర్చీ వెయ్యకుండ, మాత్ర ఇయ్యకుండ ఎట్లుంటం? ఆమె మా మనిషి. మాకు తెలిసింది మేం చేసినం."

పక్కకి వచ్చి ఆనుకున్నదాన్ని సాకడమే వాటి పని. డాక్టర్ కామాక్షి మాట అక్కడ ఆ కుర్చీలో నాకు అర్థమైంది. ఇరవై ముగ్గురు మంచి ఆడవాళ్ళు, మూడు నెలల పాటు, ప్రేమతో, ప్రార్థనతో, ఆ నొప్పిని నా కంట పడకుండా పెంచారు. వాళ్ళ మీద ఏమని ఫిర్యాదు రాయాలి?

కానీ తబిత నాకెందుకు చెప్పలేదు? అది ఇంకా తేలలేదు. నేను విచారణ మధ్యలో వదిలేసే మనిషిని కాదు. ఇంటికెళ్ళి ఆమెనే అడిగాను. పత్తా చూపించాను, నోటుబుక్కు సంగతి చెప్పాను. తబిత కిటికీ వైపు తిరిగింది.

"మీరు కిషన్ ఇంటికి ఎన్నడన్న పోయిన్రా?" అంది.

అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. ఏప్రిల్ నెల డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు నొప్పి మాత్రల సంగతి నేనే చెప్పేశాను. కామాక్షిగారు తబితను ఏమీ అనలేదు. "ఇంకెప్పుడూ వద్దమ్మా" అని, "కాళ్ళు తిమ్మిరిగా ఉంటున్నాయా?" అని అడిగారు. తబిత నా ముఖం చూసింది. "ఏం లేదు డాక్టరమ్మా" అంది. ఈసారి ఆ చూపు ఏమిటో నాకు తెలిసింది. ధైర్యం కోసం కాదు. వర్షం వస్తుందా అని ఆకాశం చూసినట్టు చూసింది.

కిషన్ కాచిగూడలో ఒక లాడ్జి కౌంటర్లో ఉంటున్నాడని శ్రీపతి చెప్పాడు. వెళ్ళాను. వచ్చిపోయేవాళ్ళ పేర్లు రిజిస్టర్లో రాసుకుంటున్నాడు. రెండేళ్ళలో జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి పెన్ను మూత పెట్టాడు.

"కిషన్, నేను తప్పు రాసిన. ఆ మాత్రలు అసలువే. ఉత్తరం వచ్చి రెండేండ్లయింది. శ్రీపతికి చూపెట్టలే, నీకు చెప్పలే" అన్నాను. దారంతా ఇంకా పెద్దగా ఏదో అనుకుంటూ వచ్చాను. నోట్లోంచి వచ్చింది అంతే.

"తెలుసు సార్" అన్నాడు. "ఆ ఉత్తరం మేడమ్ తెచ్చి చూపెట్టింది. మీ ఫైల్ల నుంచి తీస్కొచ్చి, మళ్ల పెట్టిందట. నా పని పోయినప్పుడు మా ఇంటామె మీ ఇంటికొచ్చి ఏడ్చింది, మీరు బయటికి రాలే. మేడమ్ అప్పటికెల్లి క్రిస్మస్‌కు, ఈస్టరుకు మా ఇంటికి వస్తది."

నాకు తెలియకుండా నా ఫైలు తెరిచారు. ఆ మాట వినగానే, అలాంటి సమయంలో కూడా, నాకు మొదట వచ్చింది కోపమే. ఆ కోపం వెనకే సిగ్గు.

"కూసోండ్రి సార్" అని స్టూలు జరిపాడు కిషన్. "ఒక మాట చెప్తా. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు నొప్పని, మాత్రలు ఏస్కుంటున్నానని మేడమ్ చెప్పింది. పేరు అడిగిన. పదేండ్లు మందులు అమ్మినోణ్ణి, ఆ బీమారికి అవి వద్దని తెలుసు నాకు. ఆపమన్న. సార్‌కు చెప్పుండ్రి, డాక్టరు దగ్గరికి పోండ్రి అన్న. మేడమ్ ఏమన్నదో తెలుసా?"

నేను అడగలేదు. అతనే చెప్పాడు.

"నాకు నొప్పి అని చెప్తే ఆయన నన్ను చూడడు కిషన్, నొప్పి తెచ్చినోణ్ణి ఎతుకుతడు. ఎవరో ఒకరి పని పోతది. నా నొప్పికి ఇంకో ఇంటి పొయ్యి ఆరిపోవుడు నేను చూడలేను. గట్ల అన్నది సార్."

ఇరవై ముగ్గురు ప్రార్థన చేశారు. సరైన మాట చెప్పింది మాత్రం నేను దొంగని రాసిన మనిషి ఒక్కడే. ఆ మాట కూడా నా గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది, లోపల నేనుంటానని. మూట ఎక్కడ విప్పబడిందో కనిపెట్టడానికి ఆబిడ్స్ నుంచి కాచిగూడ దాకా తిరిగాను. చివరగా ముట్టుకున్నది నేను.

శ్రీపతి షాపుకి మర్నాడే ఉత్తరం తీసుకెళ్ళి, నా తప్పని కాగితం మీద రాసి సంతకం పెట్టిచ్చాను. అతను కిషన్‌ను మళ్ళీ పిలిచాడు. కిషన్ రాలేదు. లాడ్జిలోనే బాగుందన్నాడట. అన్నీ తిరిగి అతుక్కోవు.

తబితకు కిషన్‌ను కలిశానని ఒక్క వాక్యంలో చెప్పాను. ఆమె, "మంచిది" అంది. అంతే. ఆ తర్వాత నేను చేసిన పనల్లా అడగకుండా ఉండటం. అది ఎంత కష్టమో నాలాంటివాడికే తెలుస్తుంది. ఆమె కుర్చీలోంచి లేస్తూ మూలిగితే, నాలుక చివర మూడు ప్రశ్నలు తయారుగా ఉండేవి. మింగేవాణ్ణి. బుధవారం సంచి తీసుకుని బయల్దేరితే ఆ సంచి వైపు చూడకుండా పేపరు చదివేవాణ్ణి. ఒకే పేజీ. ఆమె నన్ను గమనిస్తోందని నాకు తెలుసు. నేను ఆమెను అనుమానించినట్టే ఆమె నా మార్పును అనుమానించింది. న్యాయమే. నేనైతే అంత తొందరగా నమ్మను.

జూన్‌లో మొదటి వాన పడిన రోజు సాయంత్రం నేను చాయ్ పెట్టి తెచ్చాను. ఒక గిన్నె అడుగంటింది. ఎవరు స్టవ్ పెద్దది చేశారని నేను అడగలేదు, చేసింది కూడా నేనే. తబిత మంచం మీద కూర్చుని రెండు కాళ్ళూ ముందుకు చాపుకుని వేళ్ళ వైపు చూస్తోంది. కప్పు అందుకోలేదు.

"అరికాళ్ళు తిమ్మిర్లెక్కుతున్నయి" అంది. "నాలుగు రోజులైంది. చెప్పు ఊడిపోయినా తెలుస్త లేదు."

నాలుగు రోజులు. ఎందుకు చెప్పలేదు, ఎవరెవరికి తెలుసు, విద్యావతమ్మ బుక్కులో ఎక్కిందా, కిషన్‌కు తెలుసా. అన్నీ ఒక్కసారిగా వచ్చాయి. కప్పు కింద పెట్టి, మంచం చివర కూర్చుని, ఆమె పాదాలు నా ఒళ్ళోకి తీసుకున్నాను. చల్లగా ఉన్నాయి. నేను నొక్కుతుంటే ఎక్కడ నొక్కుతున్నానో ఆమెకు తెలియడం లేదు.

"రేపు పొద్దున్నే పోదాం" అన్నాను.

ఆమె నా ముఖం చూసింది, చాలాసేపు, పాత సాక్షిలాగే. ఏం కనిపించిందో నాకు తెలియదు. దిండుకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

"ఇంకెవరికి చెప్పలే" అంది. "ఫస్టు మీకే చెప్తున్న."